అగ్నిశిలలపై పచ్చదనం

అగ్నిపర్వతం అనగానే ఎవరికైనా ముందుగా తోచేది వినాశనమే. నేల బద్దలవుతుంది, కరిగిన రాయి ఏరై పారుతుంది, దారిలో ఉన్న ఇళ్లూ పొలాలూ మాడి మసైపోతాయి. అయితే అగ్నిపర్వతం చేసే పని అంతటితో ముగియదు. సముద్రగర్భం నుంచి పైకుబికిన లావా పొరలు పొరలుగా పేరుకొని కొత్త నేలను కూడా పుట్టిస్తుంది. అలా పుట్టిన నేల మీద మొదట మన్ను ఉండదు, నీరు నిలవదు, నీడ దొరకదు. అటువంటి చోట వేరూని తరతరాలుగా బతుకుతున్న మొక్కలు కొన్ని ఉన్నాయి. దొరికిన కాస్త తడినీ ఆకులోనో కాండంలోనో దాచుకొని రోజులు వెళ్లదీసే ఈ మొక్కలను రసభరిత మొక్కలంటారు. వాటి బతుకు తీరు తెలుసుకోవడానికి అట్లాంటిక్ మహాసముద్రంలోని కెనరీ దీవులను మించిన చోటు అరుదు.

కెనరీ దీవులు స్పెయిన్ దేశానికి చెందినవి. కాని అవి స్పెయిన్ కన్నా ఆఫ్రికా ఖండానికే దగ్గర. ఆఫ్రికాకు అతి సమీపంలో ఉన్న ఫుయెర్తెవెంతురా దీవి నుంచి ఆ ఖండపు తీరం సుమారు 100 కిలోమీటర్ల దూరం. టెనెరిఫె, గ్రాన్ కెనేరియా, లాంజరోటె, ఫుయెర్తెవెంతురా, లా పాల్మా, లా గొమేరా, ఎల్ యెర్రో అనే ఏడు ఇందులో పెద్ద దీవులు. అన్నీ అగ్నిపర్వతాల వల్ల పుట్టినవే అయినా వాటి వయసులో చాలా తేడా ఉంది. ఫుయెర్తెవెంతురా వయసు రెండు కోట్ల సంవత్సరాలకు పైమాటే. అన్నిటికన్నా చిన్నదైన ఎల్ యెర్రో పుట్టి సుమారు 11 లక్షల సంవత్సరాలే అయింది.

ఈ దీవులు ఏ కాలంలోనూ ఖండంతో కలిసి లేవు. కాబట్టి అక్కడి ప్రతి మొక్కకూ పూర్వీకులు సముద్రం దాటి వచ్చినవారే. ఒక విత్తనం గాలిలో తేలివచ్చింది. ఒకటి పక్షి ఈకకు అంటుకొని వచ్చింది. ఒకటి అలల మీద కొట్టుకొచ్చింది. వచ్చినవన్నీ బతకలేదు. బతికినవి కొత్త చోటి ఎండకూ గాలికీ రాతికీ తగినట్టు క్రమంగా మారుతూ వచ్చాయి. అలా మారి మారి ప్రపంచంలో మరెక్కడా లేని జాతులయ్యాయి. పుట్టింటి పోలికలు పోలేదు; మెట్టినింటి మన్నూ వాటిని వదలలేదు.

ఈ దీవుల వాతావరణం విచిత్రమైనది. ఈశాన్యం నుంచి వీచే వ్యాపార పవనాలు సముద్రపు తేమను మోసుకొచ్చి ఎత్తైన దీవుల ఉత్తర వాలులను తాకుతాయి. అక్కడ సుమారు 600 మీటర్ల ఎత్తు నుంచి 1500 మీటర్ల ఎత్తు వరకు మబ్బులు దట్టంగా కమ్ముకొని ఉంటాయి. ఆ తడికి దట్టమైన అడవులు పెరుగుతాయి. కొండ దాటి దక్షిణానికి వస్తే ఆ తేమ జాడే కనిపించదు. సముద్రతీరాన ఏడాదికి కురిసే వాన చాలాచోట్ల 200 మిల్లీమీటర్లకు లోపే. ఆ కురిసేది కూడా చలికాలంలోనే. ఎండాకాలమంతా చినుకు పడదు. లాంజరోటె, ఫుయెర్తెవెంతురా దీవుల కొండలు ఎత్తు తక్కువ కావడంతో మబ్బులు వాటిని పట్టించుకోకుండా సాగిపోతాయి.

1799 జూన్‌లో జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ దక్షిణ అమెరికాకు ప్రయాణమై పోతూ టెనెరిఫెలో ఆగాడు. అక్కడి తెయిదె అగ్నిపర్వతం ఎక్కాడు. దాని ఎత్తు 3,715 మీటర్లు. స్పెయిన్ దేశం మొత్తంలో అదే అన్నిటికన్నా ఎత్తైన శిఖరం. పైకి వెళ్తున్నకొద్దీ ఒక అంచెలోని మొక్కలు మాయమై మరో అంచెలోని మొక్కలు ఎదురుకావడం ఆయన శ్రద్ధగా గమనించి రాశాడు. సముద్రం ఒడ్డున జెముళ్లు, నడుమ అడవి, ఆ పైన పొదలు, శిఖరం మీద బోడిరాయి. ఒక్క కొండ ఎక్కితే కొన్ని దేశాలు తిరిగినట్టే.

ఇంతకూ రాతి మీద మొక్క ఎలా మొలుస్తుంది? దీనికి జవాబు లాంజరోటె దీవిలో దొరుకుతుంది. అక్కడ 1730 సెప్టెంబరులో అగ్నిపర్వతాలు పేలడం మొదలై 1736 ఏప్రిల్ వరకు ఆగుతూ సాగుతూ వచ్చాయి. దీవిలో దాదాపు నాలుగో వంతు లావా కింద కప్పడిపోయింది. దాదాపు మూడు వందల ఏళ్లు గడిచినా ఆ నేలలో ఎక్కువ భాగం ఇప్పటికీ నల్లగా, గరుకుగా, బోడిగానే కనిపిస్తుంది. స్పానిష్ వారు ఇటువంటి నేలను ‘మాల్‌పాయీస్’ అంటారు. చెడ్డ నేల అని దాని అర్థం.

దగ్గరికి వెళ్లి చూస్తే ఆ రాళ్ల మీద బూడిదరంగు పొర ఒకటి కనబడుతుంది. అది లైకెన్. తెలుగిళ్లలో మసాలాలో వేసే రాతిపువ్వు కూడా ఈ కోవకు చెందినదే. లైకెన్‌కు మట్టి అక్కరలేదు. గాలిలోని తేమను పీల్చుకొంటూ రాతికి అంటిపెట్టుకొని, ఆ రాతినే కొద్దికొద్దిగా గుల్ల చేస్తుంది. గాలి తెచ్చిన దుమ్మూ, ఎండిరాలిన లైకెన్ పొడీ కలిసి పగుళ్లలో చేరతాయి. చిటికెడు మన్ను తయారవుతుంది. ఆ చిటికెడు మన్నులో రసభరిత మొక్క విత్తనం ఒకటి పడితే చాలు. లాంజరోటె దీవికే పరిమితమైన ఒక ఇయోనియం జాతి ఇలాంటి రాతి పగుళ్లలోనే కాపురం పెట్టింది.

మరి ఆ విత్తనం ఎక్కడి నుంచి వస్తుంది? లావా పారేటప్పుడు కాస్త ఎత్తుగా ఉన్న తావులు కొన్ని మునగకుండా మిగిలిపోతాయి. చుట్టూ నల్లని రాయి, మధ్యలో పాత నేల. వీటిని అక్కడివారు ‘ఇస్లోటె’లు, అంటే చిన్న దీవులు, అని పిలుస్తారు. దీవిలో దీవి అన్నమాట. అక్కడ మిగిలిన మొక్కలే చుట్టూ ఉన్న కొత్త రాతికి విత్తనాలను పంపిస్తాయి.

ఈ దీవుల రసభరిత మొక్కల్లో అన్నిటికన్నా గంభీరమైనది కార్దోన్. జెముడు చెట్టును ఎరిగినవారికి దాన్ని చూడగానే బంధువును చూసినట్టు ఉంటుంది. నిజంగానే అవి బంధువులు. రెండూ యుఫోర్బియా అనే ప్రజాతికి చెందినవే. నాలుగైదు పలకలు తేరిన కార్దోన్ కొమ్మలు ఒకే మొదలు నుంచి పదుల కొద్దీ లేచి, దీపస్తంభాల గుంపులా నిలబడతాయి. మూడు మీటర్ల ఎత్తు దాకా పెరగడం దానికి మామూలే. దానికి పేరుకు తగ్గ ఆకులు ఉండవు. ఆకు ఉంటే నీరు ఆవిరైపోతుంది. అందుకే ఆకు చేయవలసిన పనిని పచ్చని కాండమే చేస్తుంది. పలకల అంచుల్లో ముళ్లు, లోపల మంట పుట్టించే పాలు. ఆకలిగొన్న మేక కూడా దాని జోలికి పోవడానికి జంకుతుంది.

ఈ భయమే ఇతర మొక్కలకు అభయం. కార్దోన్ గుంపు నడుమ పడిన విత్తనానికి నీడ దొరుకుతుంది, గాలి దెబ్బ తగలదు, మేక నోరు అందదు. అక్కడ తీగలు అల్లుకొంటాయి, పొదలు తలెత్తుతాయి, బల్లులు తలదాచుకొంటాయి. ముళ్ల కోటలో ఒక చిన్న ఊరే వెలుస్తుంది.

కార్దోన్‌కు తోడుగా కనిపించే మరో మొక్క తీపి తబైబా. అదీ యుఫోర్బియాయే. అయితే దానికి ముళ్లు లేవు. సముద్రపు ఉప్పుగాలికి వంగి గొడుగు విప్పినట్టు నేల మీద పరుచుకొంటుంది. చలికాలపు వానకు ఆకు వేస్తుంది. ఎండలు ముదిరితే ఆకు రాల్చి బోడికొమ్మలతో నిలుస్తుంది. చూసినవారు ఎండిపోయిందనుకొంటారు. లోపల ప్రాణం పదిలంగా ఉంటుంది. బతికుంటే బలుసాకు తినవచ్చు అన్న సామెత ఈ మొక్కకు తెలియదు కాని, దాని బతుకు మాత్రం ఆ సామెత చెప్పినట్టే సాగుతుంది.

ఇక ఇయోనియం ప్రజాతిది మరో అందం. దీనిలో సుమారు 35 జాతులుంటే, వాటిలో ఎక్కువ భాగం ఈ దీవులకే సొంతం. మందమైన ఆకులు చుట్టూ పేర్చినట్టు అమరి పచ్చని పువ్వులా కనబడతాయి. వీటి పూర్వీకులు ఉత్తర ఆఫ్రికా వైపు నుంచి వచ్చి ఉంటాయని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. వచ్చిన చోట ఒక్కో కొండకూ ఒక్కో లోయకూ తగినట్టు ఒక్కో రూపం దాల్చాయి. కొన్ని పొదలయ్యాయి. కొన్ని ఒంటి కాండంతో నిలిచాయి. టెనెరిఫె ఉత్తర తీరపు కొండచరియల్లో ఒక జాతి నిట్టనిలువు రాతికి విస్తరాకు అతికించినట్టు చదునుగా పెరుగుతుంది. వంద దాటిన ఆకులు ఒకదాని పక్కన ఒకటి సందు లేకుండా అమరి ఉంటాయి. మరికొన్ని జాతులు ఎండాకాలం రాగానే ఆకులను లోపలికి ముడుచుకొని గులాబీ మొగ్గల్లా అయిపోతాయి. వెలుపలి ఆకులు ఎండి కాగితంలా మారి లోపలి లేత ఆకులకు కప్పుగా నిలుస్తాయి. వాన పడ్డాక మొగ్గ మళ్లీ విచ్చుకొంటుంది.

టెనెరిఫెలోని లా లగునా పట్టణంలో ఒక ఇయోనియం జాతి పాత ఇళ్ల పెంకుల మీద మొలుస్తుంది. పెంకుల సందుల్లో చేరిన కాస్త దుమ్మే దానికి పొలం. మనుషులు ఇల్లు కట్టుకొంటే ఆ కప్పు దానికి మరో కొండచరియ అయింది. దాని శాస్త్రీయ నామంలోనే ‘పట్టణానిది’ అన్న అర్థం ఉంది.

ఇయోనియం అనే పేరు ‘చిరకాలం ఉండేది’ అనే అర్థం గల గ్రీకు పదం నుంచి వచ్చింది. కాని, పూసిన ఆకుల గుత్తి ఆ పూతతోనే చనిపోతుంది. కొమ్మలున్న జాతుల్లో పూసిన కొమ్మ ఎండినా తక్కినవి బతుకుతాయి. విస్తరాకులా పెరిగే జాతికి ఉండేది ఒక్కటే గుత్తి. కొన్నేళ్లు కూడబెట్టుకొన్న నీటినీ బలాన్నీ అంతటినీ పసుపుపచ్చని పూలకంకికి ధారపోసి అది ఎండిపోతుంది. దాని నుంచి దుమ్ములాంటి సన్నని విత్తనాలు గాలిలో కలుస్తాయి. ఒంటరి మొక్క నిలవకపోయినా దాని వంశం నిలుస్తుంది.

నీరు దాచుకోవడం ఒక ఎత్తు, దాచిన నీటిని పోనీయకపోవడం మరో ఎత్తు. ఆహారం తయారు చేసుకోవడానికి మొక్కకు గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్ కావాలి. దాని కోసం పత్రరంధ్రాలు తెరవాలి. పగటి ఎండలో తెరిస్తే ఆ దారినే నీరు ఆవిరైపోతుంది. అందుకే ఎన్నో రసభరిత మొక్కలు పగలు తలుపులు మూసుకొని రాత్రి చల్లబడ్డాక తెరుస్తాయి. లోపలికి వచ్చిన కార్బన్ డై ఆక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా మార్చి నిలవ చేసుకొంటాయి. తెల్లవారాక తలుపులు మూసి, ఆ నిలవను కొంచెం కొంచెంగా తీసి, సూర్యకాంతి సాయంతో ఆహారం వండుకొంటాయి. ఇయోనియం చేరిన క్రాసులేసీ కుటుంబం పేరు మీదనే శాస్త్రజ్ఞులు ఈ పద్ధతికి పేరు పెట్టారు.

ఈ కుటుంబపు మొక్క ఒకటి తెలుగువారికి కొత్తది కాదు. అది రణపాల. ఆకును నేల మీద వేస్తే అంచుల వెంట పిల్లమొక్కలు పుట్టే ఆ మొక్క పుట్టిల్లు మడగాస్కర్ దీవి. పై రహస్యాన్ని పసిగట్టినవారిలో మొదటి వరుసలో నిలిచే బెంజమిన్ హైన్‌కు తెలుగునాటితో సంబంధం ఉంది. జర్మనీ నుంచి మతప్రచారకుడిగా వచ్చిన ఆయన 1793లో కాకినాడ సమీపంలోని సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటకు వృక్షశాస్త్రజ్ఞుడయ్యాడు. రణపాల ఆకు పొద్దున నమిలితే పుల్లగా ఉంటుందనీ, పొద్దెక్కేకొద్దీ ఆ పులుపు తగ్గి మధ్యాహ్నానికి చప్పబడుతుందనీ, సాయంత్రానికి కాస్త చేదెక్కుతుందనీ ఆయన గుర్తించాడు. ఆ సంగతి ఒక ఉత్తరంలో రాయగా, లండన్‌లోని లినేయన్ సొసైటీ సంచికలో 1815లో అచ్చయింది. ఆయన దగ్గర ఏ పరికరమూ లేదు. నాలుకే ప్రయోగశాల. రాత్రంతా చేరిన ఆమ్లమే పొద్దుటి పులుపు అని తర్వాతి కాలంలో తేలింది.

కెనరీ దీవులకు స్పెయిన్ వారు రాకముందు అక్కడ గ్వాంచెలనే ప్రజలు ఉండేవారు. వారు ఉత్తర ఆఫ్రికాలోని బెర్బెర్ జాతుల సంతతి. మేకలను మేపుకొంటూ ఆ రాతినేలలో బతికిన వారికి ఈ మొక్కల గుణాలు బాగా తెలుసు. ఆటుపోట్లకు ఒడ్డున ఏర్పడే నీటిమడుగుల్లో కార్దోన్ పాలు కలిపితే చేపలు మత్తెక్కి తేలేవి. వాటిని చేతులతోనే పట్టుకొనేవారు. ఆ పాలు ఒంటి మీద పడితే బొబ్బలెక్కుతుంది, కంట్లో పడితే ప్రమాదం. ఆ మంటకు విరుగుడుగా టెనెరిఫెలో పెరిగే ఒక ఇయోనియం ఆకు రసాన్ని పూయడం అక్కడి నాటువైద్యంలో ఉంది. తీపి తబైబా పాలకు ఈ దోషం లేదు. దాన్ని గట్టిపడనిచ్చి నమిలేవారు. ఏ మొక్క మేలు చేస్తుందో, ఏది కీడు చేస్తుందో, కీడుకు మందు ఏ కొండచరియలో ఉందో ఆ ప్రజలకు నోటి లెక్కగా ఉండేది.

1402లో మొదలైన ఆక్రమణ 1496లో టెనెరిఫె ఓటమితో ముగిసింది. యుద్ధాలకూ వ్యాధులకూ బానిసత్వానికీ ఎందరో బలయ్యారు. మిగిలినవారు వచ్చినవారితో కలిసిపోయారు. తర్వాత కొన్ని తరాలకే వారి భాష మాట్లాడేవారు లేకుండా పోయారు. అయితే ఆ భాషలోని మాటలు కొన్ని ఊళ్ల పేర్లలో, కొండల పేర్లలో, మొక్కల పేర్లలో దాగి మిగిలాయి. తబైబా అటువంటి మాటే అని భాషావేత్తలు భావిస్తారు. ఈనాడు స్పానిష్ మాట్లాడే పిల్లవాడు కొండ మీది మొక్కను చూపి తబైబా అన్నప్పుడు, తనకు తెలియకుండానే తాతముత్తాతల నోటి మాటను పలుకుతున్నాడు. ఆ మొక్క కూడా కనిపించకుండా పోతే ఆ మాటను పలకవలసిన అవసరమే రాదు.

ఈ భయం ఊరికే కలిగింది కాదు. లావాను తట్టుకొన్న మొక్కలు మనిషి వెంట వచ్చిన వాటిని తట్టుకోలేకపోతున్నాయి. ముళ్లూ విషమూ లేని మొక్కలు మేకలకు సులభంగా లోకువైనాయి. ఇక పందొమ్మిదో శతాబ్దంలో ఎర్రరంగునిచ్చే కొచినీల్ పురుగుల పెంపకం కోసం అమెరికా ఖండపు నాగజెముడును దీవులంతటా నాటారు. కృత్రిమ రంగులు రావడంతో ఆ వ్యాపారం దెబ్బతింది. పొలాలను వదిలేశారు. నాగజెముడు మాత్రం వదలకుండా కొండవాలులకు పాకి స్థానిక మొక్కల చోటును ఆక్రమించింది. తీరప్రాంతంలో తబైబాలు పరుచుకొన్న నేలలు ఎన్నో అరటితోటలకూ, ఆ తర్వాత యాత్రికుల కోసం లేచిన హోటళ్లకూ పోయాయి. అందమైన మొక్క అని కొండ మీది నుంచి పెకలించుకుపోయేవారి బెడద వేరే ఉంది. ఫుయెర్తెవెంతురాలో హందియా అనే ద్వీపకల్పంలో మాత్రమే పెరిగే ఒక కార్దోన్ జాతి ఉంది. దాని ప్రపంచమంతా ఆ కొద్దిపాటి నేలే. అక్కడ పోతే ఇక అది ఏ కొండ మీదా సహజంగా కనబడదు.

ఈ ప్రమాదాన్ని గుర్తించినవారూ లేకపోలేదు. స్వీడన్‌లో పుట్టి ఈ దీవుల్లో స్థిరపడిన ఎరిక్ స్వెంతేనియుస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు కొండలూ లోయలూ కాలినడకన తిరిగి మొక్కలను సేకరించాడు. 1952లో గ్రాన్ కెనేరియాలో ఆయన ఆధ్వర్యంలో ఒక వృక్షోద్యానానికి పునాది పడింది. పద్దెనిమిదో శతాబ్దపు ప్రకృతి పరిశీలకుడు వియెరా ఇ క్లవీహో పేరు దానికి పెట్టారు. దీవుల్లోని అరుదైన మొక్కలను అక్కడ పెంచుతారు, విత్తనాలను భద్రపరుస్తారు. 1991లో ఒక్కో దీవికి ఒక్కో ప్రాణినీ ఒక్కో మొక్కనూ చిహ్నాలుగా చట్టం ద్వారా నిర్ణయించారు. గ్రాన్ కెనేరియాకు కార్దోన్, లాంజరోటెకు తీపి తబైబా, ఫుయెర్తెవెంతురాకు హందియా కార్దోన్ చిహ్నాలయ్యాయి. ‘చెడ్డ నేల’లో పెరిగిన ముళ్లమొక్కకు దీవి గౌరవం దక్కింది.

2021 సెప్టెంబరు 19న లా పాల్మా దీవిలో భూమి మళ్లీ బద్దలైంది. 85 రోజుల పాటు, డిసెంబరు 13 వరకు, లావా పొంగుతూనే ఉంది. 1,200 హెక్టార్లకు పైగా నేల దాని కింద పడిపోయింది. ఇళ్లూ తోటలూ కోల్పోయి వేలమంది చెదిరిపోయారు. అప్పుడు కొత్తగా లేచిన కొండను తాహోగైతె అని పిలుస్తున్నారు. అది గ్వాంచెల కాలం నుంచి మిగిలిన స్థలనామం. మాట్లాడేవారు లేని భాషలోని మాట ఒకటి, నిన్నమొన్న పుట్టిన కొండకు పేరై నిలిచింది.

ఆ కొత్త రాతి మీద ముందు లైకెన్ పట్టాలి. పగుళ్లలో చిటికెడు మన్ను చేరాలి. దానికి ఎన్ని పదుల ఏళ్లు పడుతుందో! ఆ మన్ను సిద్ధమైన నాడు ఒక ఇయోనియం విత్తనం ఎగిరివచ్చి అక్కడ పడాలంటే, అప్పటికి చుట్టుపక్కల కొండచరియల మీద తల్లిమొక్క మిగిలి ఉండాలి.